తొమ్మిది లెక్కలో నూట ఎనిమిది

ఆ రోజుల్లో నాకు తెలివి ఎక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు, జ్వరం ఎక్కువైందని చెప్పినట్టు చెబుతున్నాను. ఇరవయ్యేళ్ళ వయసులో తెలివి ఎక్కువైతే వచ్చే ఇబ్బంది, దాన్ని ఎక్కడ వాడాలో తెలియకపోవడం. పరీక్షలో కూడా వాడవచ్చని నాకెవరూ చెప్పలేదు. అందువల్ల డిగ్రీ రెండో ఏడాది లెక్కల పేపరు రెండుసార్లు తప్పాను. ఖర్చు కాకుండా మిగిలిన తెలివినంతా మా గల్లీ హనుమంతుడి మీద వాడాను. ఆయన మంచివాడు కాబట్టి ఈ మాటలు మీకు రాయడానికి ఇంకా మిగిలి ఉన్నాను.

మా ఇల్లు పురానాపూల్ దాటి ధూల్‌పేట్ వైపు తిరిగే మలుపులో, పూర్తి కాని గణపతులు ఒంటికి రంగు లేకుండా ఎండలో కూర్చునే వీధికి వెనక గల్లీలో ఉండేది. గల్లీ చివర హనుమంతుడి గుడి. చిన్నదే, ఒక చుట్టు తిరిగితే ముప్పై అడుగులు. అక్కడి కట్టుబాటు కూడా చిన్నదే. కోరిక అడగడానికి పదకొండు చుట్లు, తీరాక నూట ఎనిమిది. లెక్క తప్పకుండా గుమ్మం పక్కన రెండు ఇత్తడి గిన్నెలు పెట్టేవారు. ఒకదాంట్లో నూట ఎనిమిది చింతగింజలు, రెండోది ఖాళీ. చుట్టు అయినప్పుడల్లా ఒక గింజ తీసి ఖాళీ గిన్నెలో వేయాలి. గింజలైపోతే మొక్కు అయిపోయినట్టు. గిన్నెలు ఒక్క జతే కాబట్టి రోజుకొకరికే అవకాశం, ముందుగా అయ్యగారికి చెప్పి పెట్టుకోవాలి. ఆ గింజలను ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టింది లేదు. గిన్నే లెక్క. గిన్నెను లెక్కపెట్టడమంటే గడియారానికి టైము చెప్పడం లాంటిదని మా అయ్యగారి అభిప్రాయం.

మా అమ్మకు మాత్రం వేరే లెక్క ఉండేది. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పుట్టింట్లో గాజుల పని. గుట్టలుగా వచ్చిన గాజులను రంగు చూసి, సైజు చూసి డజన్లుగా దారం కట్టి ఇవ్వాలి. చేతిలో బొటనవేలు పోగా నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు దగ్గర బయలుదేరి చిటికెన వేలి చివరి కణుపు దాకా వెళ్తే ఒక డజను. దాన్ని అమ్మ 'ఒక చెయ్యి' అనేది. పెళ్ళై ఇరవై రెండేళ్ళైనా ఆ బొటనవేలికి సెలవు దొరకలేదు. మెట్లెక్కినా, రొట్టెలు కాల్చినా, ఆరేసిన బట్టలు తీసినా అది తన పాటికి తాను కణుపుల మీద నడిచేది. 'ఇయ్యాల రెండు చేతుల మూడు రొట్టెలైనయి' అంటే ఇరవై ఏడని మేం అర్థం చేసుకోవాలి. (నేను అన్నీ తినలేదు. పక్కింటివాళ్ళకు కూడా ఇచ్చేది.)

ఇక నా పాండిత్యం. లెక్కల పుస్తకంలో నేను పూర్తిగా చదివింది మొదటి పాఠం ఒక్కటే, కాని దాన్ని మూడేళ్ళు చదివాను. అది సంఖ్యల ఆధారాల పాఠం. చెప్పేదేమిటంటే, మనకు పది వేళ్ళున్నాయి కాబట్టి పదేసి కట్టలు కడతాం. పది కట్టలైతే ఒక మోపు. 108 అంటే ఒక మోపు, కట్టలు సున్నా, విడిగా ఎనిమిది. కాని పదేసే కట్టాలని ఎక్కడా శాసనం లేదు. ఆరేసి కట్టుకోవచ్చు, తొమ్మిదేసి కట్టుకోవచ్చు, కంప్యూటర్ రెండేసి కట్టుకుంటుంది. అంకెలు అవే ఉంటాయి, విలువ మారుతుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక ప్రపంచంలో ఏ సంఖ్యకూ భయపడక్కర్లేదని నాకు అనిపించింది. పరీక్ష పేపరు దిద్దేవారికి అనిపించలేదు.

మూడోసారి పరీక్షకు ముందురోజు అమ్మ నన్ను పదకొండు చుట్లకు పంపింది. చెప్పులు విడిచాక పాఠం గుర్తొచ్చింది. పదకొండు అంటే 11. రెండేసి లెక్కలో 11 అంటే ఒక కట్ట, విడిగా ఒకటి. మొత్తం మూడు. మూడు చుట్లు తిరిగి, కళ్ళు మూసుకుని, మొహమాటం లేకుండా వందకు వంద అడిగాను. ఫలితం వచ్చింది. ముప్పై ఆరు. ముప్పై అయిదుకే పాసు కాబట్టి అరగంట సేపు గాల్లో నడిచాను. తర్వాత ఏదో అనుమానం వచ్చి కాగితం మీద వేసి చూశాను. ఆరేసి లెక్కలో 100 అంటే ఆరు ఆరులు, ముప్పై ఆరు. అంటే నేను వంద అడిగాను, ఆయన వందే ఇచ్చాడు. ఏ లెక్కలో అన్నది నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ పాఠం హనుమంతుడికి కూడా వచ్చునని తెలిశాక బుద్ధున్నవాడెవడైనా జాగ్రత్త పడతాడు.

నేను ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను.

"పాసైనవా?"

"పాసైన అమ్మా."

"ఎన్నొచ్చినయి?"

"పాసైన అంటున్న గదా, మళ్ళ ఎన్ని అనుడెందుకు?"

"సరే తియ్. ఇగ విను. నూట ఎనిమిది నువ్వు తిరగాలె, నూట ఎనిమిది నేను తిరగాలె. ముందు నీది, తర్వాత నాది. ఇద్దరియీ అయ్యేదాక నేను చాయ్ ముట్ట. గట్లని మొక్కిన."

మా అమ్మ చాయ్ మానేయడమంటే ఏమిటో మీకు చెప్పాలి. పొద్దున లేవగానే ఒకటి, నాయన డ్యూటీకి పోయాక ఒకటి, పది గంటలకు ఒకటి, తర్వాత తలనొప్పి ఉంటే ఒకటి, తలనొప్పి లేకపోతే అది రాకుండా ఒకటి. అలాంటి మనిషి మాకు చాయ్ పెట్టి, వడగడుతూ మొహం పక్కకు తిప్పుకునేది. ముక్కు మాత్రం అటే ఉండేది. మూడోరోజుకు తలకు గుడ్డ కట్టింది. వారానికి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడడం మానేశాం. మా నాయన బస్ కండక్టర్, రోజుకు వెయ్యిమందితో లొల్లి పెట్టుకోగల మనిషి. ఆయన కూడా గొంతు తగ్గించి, "అరేయ్, మొక్కు తీరుస్తవా, లేకుంటె నన్ను డిపోలనే పండుమంటవా?" అని అడిగాడు.

అయినా నేను మూడు వారాలు సాగదీశాను. ఎండ, వాన, కాలికి ముల్లు, స్నేహితుడి అక్క పెళ్ళి. నాలుగో వారం శనివారం ఇంకే కారణమూ దొరకక పొద్దున్నే గుడికి బయలుదేరాను. దారిలో కాళ్ళు నెమ్మదిగా నడుస్తుంటే తెలివి పరిగెత్తింది. మొక్కులో నూట ఎనిమిది అని ఉంది కాని ఏ లెక్కలోనో లేదు కదా! రెండేసి లెక్కలో వేద్దామా? కుదరదు, రెండేసి లెక్కలో సున్నా, ఒకటి తప్ప అంకెల్లేవు. ఆరేసి లెక్కలోనూ అయిదు దాటి అంకె లేదు. ఎనిమిది అనే అంకె వాడాలంటే కనీసం తొమ్మిదేసి లెక్కయినా ఉండాలి. సరే, తొమ్మిది. ఒక మోపు అంటే తొమ్మిది తొమ్ముదులు, ఎనభై ఒకటి. కట్టలు సున్నా. విడిగా ఎనిమిది. మొత్తం ఎనభై తొమ్మిది. అంటే దేవుణ్ణి, అమ్మను, ఒక విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకాన్ని కలిపి మోసం చేస్తే నాకు మిగిలేది పంతొమ్మిది చుట్లు. ఇంత పెద్ద ఏర్పాటుకు ఇంత చిన్న లాభమేమిటని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆర్యభట్టుడికి కూడా తట్టలేదని పొంగిపోయాను.

అడ్డం గిన్నె ఒక్కటే. అయ్యగారు లోపల దీపపు కుందులు తోముతుంటే పంతొమ్మిది గింజలు లెక్కపెట్టి ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఎనభై తొమ్మిది చుట్లు తిరిగాను. ఒక్కటి కూడా తగ్గించలేదు. (ఆ విషయంలో నిజాయితీపరుణ్ణి.) అయిపోగానే ఎవరూ చూడకుండా గింజలు తిరిగి వేద్దామనుకున్నాను. ఈలోపు అయ్యగారు బయటికొచ్చి, "అయిపోయినయా బిడ్డా?" అన్నారు. "అయిపోయినయి అయ్యగారూ" అన్నాను. గింజలు అయిపోయిన మాట నిజమే. ఆయన గిన్నెలు తీసుకుని లోపల పెట్టి తాళం వేశారు. పంతొమ్మిది గింజలూ నా జేబులోనే ఉండిపోయాయి. పారేద్దామంటే చేయి రాలేదు. భయం కాదు, గౌరవం. తీసుకెళ్ళి నా కంపాస్ బాక్సులో, వృత్తలేఖిని పక్కన దాచాను.

ఇంటికి రాగానే అమ్మ నన్ను గడపలోనే కూర్చోబెట్టి పాదాలకు కొబ్బరినూనె రాసింది. "నొస్తున్నయా కొడుకా? మస్తు దూరం గద" అంది. ఎనభై తొమ్మిదికి ఆ నూనె ఎక్కువే. "ఫికర్ చెయ్యకు అమ్మా" అన్నాను. అమ్మ వంతు వచ్చే శనివారం. అప్పటిదాకా మిగతా రోజులన్నీ వేరేవాళ్ళు చెప్పి పెట్టుకున్నారు.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఆదివారం పహిల్వాన్ అన్న వంతు. ఆయన గల్లీలో వ్యాయామశాల నడుపుతాడు, మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. చుట్లు పూర్తిచేసి, ఛాతీ చరుచుకుని, "క్యా బాత్ హై అయ్యగారూ! పోయినసారి కంటె పది నిమిషాలు ముందే కొట్టిన. దమ్ము పెరిగింది మనకు" అన్నాడు. ఆ ఉత్సాహంలో తన దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ మర్నాటి నుంచి యాభై బస్కీలు ఎక్కువ చేశాడు. మంగళవారం మోకాళ్ళ అత్త వంతు. (గల్లీలో చాలామంది అత్తలున్నారు కాబట్టి నొప్పిని బట్టి పిలుచుకునేవాళ్ళం.) ఆమె సాయంత్రం మా ఇంటికొచ్చి, "వదినే, ఈపాలి మోకాళ్ళు నొయ్యనే లేదు. స్వామి మహిమ గాకుంటె ఏంది?" అని కళ్ళొత్తుకుంది. అమ్మ కూడా కళ్ళొత్తుకుంది. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. శుక్రవారానికి ఇంకో నలుగురు స్వామి మహిమ అనుభవించారు. ఎవరికీ చెప్పకుండా, ఒక్క మాట బోధించకుండా, గల్లీ గల్లీని పదేసి లెక్క నుంచి తొమ్మిదేసి లెక్కకు మార్చేశాను. మా లెక్చరర్ ఇరవై ఏళ్ళుగా తలకిందులైనా చేయలేని పని అది. కాని ఎవరితో చెప్పుకోను? రోజూ కంపాస్ బాక్సు జేబులో పెట్టుకుని గుడికి వెళ్ళడం, గిన్నెల దగ్గర ఎవరో ఒకరు ఉండడం, ఒక దండం పెట్టుకుని తిరిగి రావడం. ఆ వారం నన్ను చూసినవాళ్ళు కండక్టరు కొడుక్కి భక్తి కుదిరిందనుకున్నారు. శుక్రవారం సాయంత్రం విసుగుపుట్టి బాక్సు ఇంట్లోనే పడేశాను.

శనివారం అమ్మ స్నానం చేసి, తలకు కట్టిన గుడ్డ విప్పి, గుడికి బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను. చాయ్ మానేసి నాలుగు వారాలు దాటింది, మనిషి సగమైంది. అయినా ఆ రోజు మొహంలో వెలుగుంది. మధ్యాహ్నానికి చాయ్ తాగొచ్చన్న వెలుగు. మెట్ల మీద మోకాళ్ళ అత్త తోడుగా కూర్చుంది. పహిల్వాన్ అన్న దండానికొచ్చి అక్కడే నిలబడ్డాడు. అమ్మ ఎడమచేత్తో గింజలు వేస్తూ నెమ్మదిగా తిరుగుతోంది. కుడిచేతి బొటనవేలు మాత్రం అలవాటు కొద్దీ కణుపుల మీద నడుస్తోంది. దాన్ని నేనప్పుడు గమనించలేదు. అంత తెలివైనవాణ్ణి, ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న బొటనవేలిని మరిచిపోయాను.

గింజలైపోయాయి. అమ్మ ఖాళీ గిన్నె ముందు ఆగిపోయింది. గిన్నె వైపు చూసింది, తన చేతి వైపు చూసింది.

"అయ్యగారూ, గింజలు అయిపోయినయి. నా లెక్కల ఏడు చేతుల అయిదు కణుపులే అయినయి. తొమ్మిది చేతులు గావాలె గద?"

ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు, మీద అయిదు. ఎనభై తొమ్మిది. మూడుసార్లు పరీక్ష రాసినా పట్టుబడని గణితం నాకు ఆ క్షణంలో రెప్పపాటులో వచ్చింది. దానితో పాటు ఇంకో సంగతి కూడా తట్టింది. నూట ఎనిమిది పన్నెండేసి లెక్కలో 90. తొమ్మిది చేతులు, విడిగా ఏమీ మిగలదు, పెట్టెలో సర్దిన గాజుల్లా ఉంటుంది. నేను పన్నెండు గింజలు దొంగిలించి ఉంటే తొంభై ఆరు మిగిలేవి, సరిగ్గా ఎనిమిది చేతులు. అమ్మ మధ్యలో ఒక చెయ్యి మరిచిపోయాననుకుని ఊరుకునేదేమో. నేను మిగిల్చింది ఎనభై తొమ్మిది. అది ప్రధాన సంఖ్య. రెండేసి కట్టండి, పన్నెండేసి కట్టండి, ఎంతేసి కట్టినా విడిగా కొన్ని మిగిలి మొహంలోకి చూస్తాయి. ఇది పుస్తకంలో నాలుగో పాఠం. మొదటి పాఠంతో ఆపేస్తే ఇలాగే అవుతుంది.

"అమ్మా, ఈ గిన్నె మా తాత చేతుల మీదికెళ్ళి వచ్చింది. గింజలెట్ల తక్కువైతయి?" అన్నారు అయ్యగారు.

"నేను తక్కువైనయంటలేనయ్యా. నా చేతుల గట్ల వచ్చిందంటున్న."

"చాయ్ మానేసి నెల దాటె, తలకాయ ఎట్ల పనిచేస్తది వదినే?" అంది మోకాళ్ళ అత్త ప్రేమగానే. "మొన్న గ్యాస్ గూడ బంద్ చెయ్య మర్చిపోతివి."

"లొల్లి ఎందుకక్కా? గిన్ లేంగే. లెక్కపెడదాం, అయిపోతది" అన్నాడు పహిల్వాన్ అన్న.

"దేవుని గిన్నె లెక్కపెడతరా?" అని అయ్యగారు రెండు నిమిషాలు అలిగి, తర్వాత చేతులు కడుక్కుని, మడి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళారు. నేను నీళ్ళు తాగొస్తానని చెప్పి ఇంటికి పరిగెత్తాను. ఆ పరుగు పహిల్వాన్ అన్న చూసి ఉంటే వెంటనే చేర్చుకునేవాడు. కంపాస్ బాక్సు తెరిచి, గింజలు పిడికిట్లో పట్టుకుని, అదే ఊపులో తిరిగొచ్చేసరికి అయ్యగారు తువ్వాలు పరుస్తున్నారు. "మీరు ఉండుండ్రి అయ్యగారూ, నేను పోస్తా" అని గిన్నె అందుకుని, పిడికిలి గిన్నె అంచు మీద ఆనించి, అన్నీ కలిపి ఒక్కసారే గుమ్మరించాను. నా జన్మలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు.

పహిల్వాన్ అన్న పదేసి గింజలు పక్కకు జరుపుతూ ఉర్దూలో లెక్కపెట్టాడు. చివరికి చేయి పైకెత్తి, "ఏక్ సౌ ఆఠ్! బరాబర్!" అన్నాడు. అయ్యగారు 'చూశారా' అన్నట్టు అందరి వైపూ చూశారు. అత్త దండం పెట్టింది. నేను కూడా ఊపిరి వదిలి, పండగ చేసుకుందామని అమ్మ వైపు తిరిగాను.

అమ్మ తన కుడిచేతిని ఎవరిదో చూసినట్టు చూసుకుంటోంది. బొటనవేలితో మొదటి కణుపు తాకింది, రెండోది తాకింది, ఆపేసింది.

"గట్లనా" అంది మెల్లగా. "అయితే నా లెక్కే తప్పింది. మా అమ్మకు గూడ గిట్లనే మొదలైంది. ముందు గాజుల లెక్క తప్పింది, తర్వాత రొట్టెల లెక్క, ఆఖర్కి మా పేర్లు గూడ."

అమ్మ నా వైపు తిరిగింది. "ఇగనుంచి మీ నాయన బీపీ గోలీల లెక్క నువ్వే చూడు బిడ్డా. ఒకటికి రెండిచ్చేటట్టున్న. జర జరగు, మళ్ళ మొదటి నుంచి తిరుగుత" అని కొంగు నడుముకు దోపింది.

అబద్ధం దొరికిపోతే ఏం చేయాలో ఆ వారమంతా ఆలోచించి పెట్టుకున్నాను. రెండు మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. దొరకకపోతే ఏం చేయాలో మాత్రం ఆలోచించలేదు. అది బ్రహ్మాండంగా నెగ్గి, అమ్మ చేతిలోంచి బొటనవేలిని లాక్కుని కూర్చుంది.

"నీ లెక్క సరిగనే ఉందమ్మా" అన్నాను.

"ఏందిరా?"

"ఎనభై తొమ్మిదే తిరిగినవ్. గింజలు గన్నే ఉండె. పంతొమ్మిది నా తాన ఉండె. ఇప్పుడే కలిపిన."

తర్వాత ఆ గుడి మెట్ల మీద నా జీవితంలో మొట్టమొదటి పాఠం చెప్పాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో పాఠాలు చెప్పే ఉద్యోగమే చేశాను, చాలా ఘోరమైన క్లాసులు తీసుకున్నాను, దానికి సాటి ఏదీ రాలేదు. కట్టలు, మోపులు, తొమ్మిది తొమ్ముదులు, విడిగా ఎనిమిది. అయ్యగారు కళ్ళు మూసుకుని విన్నారు. పహిల్వాన్ అన్న నుదుటి మీద ఒక్కొక్క గీతా పడుతూ వచ్చింది.

"అంటే నాది గూడ?"

"మీది గూడ అన్నా."

"నూట ఎనిమిది గాలె?"

"తొమ్మిది లెక్కల అయినట్టే అన్నా."

"నీ తొమ్మిది లెక్కల..." అని మొదలుపెట్టి ఉర్దూలోకి మారాడు. గుడి అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. యాభై బస్కీలు ఎక్కువ చేసిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ తెరిచాడు.

"అందుకేనా నా మోకాళ్ళు నొయ్యనిది!" అని మోకాళ్ళ అత్త లేచి నిలబడి, నిలబడగానే నొప్పి వచ్చి కూర్చుంది. కోపం కంటే ఆమె గొంతులో నష్టపోయిన బాధే ఎక్కువ. నాలుగు రోజులుగా గల్లీ మొత్తానికీ చెప్పుకున్న మహిమ పోయింది మరి.

అమ్మ వీళ్ళెవరినీ వినడం లేదు. "నా లెక్క సరిగనే ఉందా?" అంది.

"ఉందమ్మా."

"ఏడు చేతుల అయిదు కణుపులు?"

"గంతే అమ్మా. బరాబర్."

అమ్మ మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. బొటనవేలు మళ్ళీ చూపుడువేలి మొదటి కణుపు మీదికి చేరింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. నా వైపు చూసి, ఎంతో మామూలుగా అడిగింది. "నీది తొమ్మిది లెక్క అంటివి. నాది పన్నెండు లెక్క. మరి నా లెక్కల నూట ఎనిమిది అంటె ఎంతైతదిరా?"

ఇక్కడ నా స్వభావం గురించి ఒక మాట చెప్పుకోవాలి. అంతవరకు నన్నెవరూ లెక్కల్లో నాకు జవాబు తెలిసిన ప్రశ్న అడగలేదు. నలుగురూ చూస్తున్నారు. ఒక మోపు అంటే పన్నెండు పన్నెండ్లు, నూట నలభై నాలుగు. కట్టలు సున్నా. విడిగా ఎనిమిది.

"నూట యాభై రెండు అమ్మా!" అన్నాను, క్లాసులో చెయ్యెత్తినంత ఉత్సాహంగా.

"ఊఁ" అంది అమ్మ. "తిరుగు."

అయ్యగారు కళ్ళు తెరిచి, గిన్నెలు తీసి లోపల పెట్టేశారు. వాటి అవసరం లేదట. మిగతావాళ్ళకు పంతొమ్మిది చొప్పున తీర్పు చెప్పారు. వారంలో మోసపోయిన మిగతా నలుగురికీ కబురు వెళ్ళింది, ఒకాయన గడ్డం సగం గీసుకుని వచ్చాడు. ఆ రోజు మా గుడి చుట్టూ జరిగిన ఊరేగింపు చూసి గల్లీలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఏ పండగని అడిగారు. ముందు అమ్మ, వెనక మోకాళ్ళ అత్త చెయ్యి పట్టుకుని పహిల్వాన్ అన్న, ఆ వెనక నలుగురు, అందరికంటే వెనక నేను. ఎవరి పంతొమ్మిది అయ్యాక వాళ్ళు మెట్ల మీద కూర్చుని నన్ను చూడడం మొదలుపెట్టారు. ఇంటికి వెళ్ళమన్నా ఎవరూ వెళ్ళలేదు. అమ్మ తన పంతొమ్మిదీ పూర్తి చేసి, మొదటి మెట్టు మీద కాళ్ళు చాపుకుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నూట నలభై అయినయమ్మా" అన్నాను ఒకసారి, ముందు నుంచి పోతూ, మామూలుగా.

"పదకొండు చేతుల నాలుగు కణుపులు" అంది అమ్మ తలెత్తకుండా. "అంటె ఎంత?"

"నూట ముప్పై ఆరు."

"నడువు."

పన్నెండు చేతుల ఎనిమిదో కణుపు మీద బొటనవేలు ఆగాక నేను ఆగాను. అప్పటికి పహిల్వాన్ అన్న మలుపు దగ్గరి ఇరానీ హోటల్ నుంచి ఫ్లాస్కు నింపుకుని వచ్చి కాపలా కాస్తున్నాడు. అమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ముందు వాసన చూసింది. ఈసారి మొహం పక్కకు తిప్పలేదు. గల్లీ మొత్తం ఆమె నోటి వైపే చూస్తోంది. ఒక గుటక తాగి, కళ్ళు మూసుకుని, కొంతసేపటికి తెరిచింది.

"చక్కెర తక్కువైంది" అంది.

ఆ సాయంత్రం నా పాదాలకు కొబ్బరినూనె ఎవరూ రాయలేదు. సీసా మాత్రం నా మంచం పక్కన పెట్టి ఉంది.

ఇది జరిగి చాలా ఏళ్ళైంది. ఇప్పుడు నేను కాలేజీలో అదే పాఠం చెబుతాను. పిల్లలు నిద్రపోకుండా వినే పాఠం అదొక్కటే, కారణం ఏమిటో వాళ్ళకు చెప్పలేదు. అమ్మకు డెబ్భై దాటాయి. రోజుకు అయిదు చాయ్‌లు, ఇప్పటికీ రెండు చేతుల మూడు రొట్టెలు, నాయన గోలీల్లో ఒక్కటీ తేడా రాదు. ఈ మధ్య డాక్టరు నా పొట్టను రెండు వేళ్ళతో నొక్కి, రోజుకు పదివేల అడుగులు నడవమన్నాడు. పదివేలు! చెప్పులేసుకుంటుంటే పాత జబ్బు తిరగబెట్టింది. ఏ లెక్కలోనో డాక్టరు చెప్పలేదు కదా. రెండేసి లెక్కలో 10000 అంటే పదహారు. మా గడప నుంచి గల్లీలో ఆగి ఉన్న మోటార్‌సైకిల్ దాకా సరిగ్గా ఎనిమిది అడుగులు, తిరిగి రావడానికి ఎనిమిది. నిజాయితీగా పూర్తి చేసి, లోపలికొచ్చి, ఫ్యాను కింద కూర్చున్నాను.

"అయిపోయినయా పదివేలు?" అంది అమ్మ, చాయ్ ఊదుకుంటూ.

"అయిపోయినయమ్మా."

అమ్మ ఒక గుటక తాగింది. కుడిచేతి బొటనవేలు చిటికెన వేలి దాకా ఒకసారి వెళ్ళొచ్చి, రెండో చుట్టులో నాలుగో కణుపు మీద తీరిగ్గా ఆగి ఉంది. ఒక చెయ్యి, నాలుగు కణుపులు.

"ఏ లెక్కల?" అంది.

నేను లేచి మళ్ళీ చెప్పులేసుకున్నాను.